ఊటీ ఎత్తులో నాలుగు వారాలు: దూరపరుగు అథ్లెట్లకు ఆల్టిట్యూడ్ క్యాంపు మార్గదర్శి

5,000 మీటర్లు, 10,000 మీటర్లు, స్టీపుల్‌చేజ్, మారథాన్ పరిగెత్తే జాతీయ స్థాయి అథ్లెట్లూ వారి కోచ్‌లూ ఆల్టిట్యూడ్ క్యాంపు (ఎత్తైన కొండ ప్రాంతంలో కొన్ని వారాలు నివసిస్తూ పొందే శిక్షణ) గురించి అడిగేటప్పుడు మొదట వర్కవుట్ల గురించే అడుగుతారు: కొండ మీద ఏ వేగంతో పరిగెత్తాలి, వారానికి ఎన్నిసార్లు ఇంటర్వెల్స్ (మధ్యలో విశ్రాంతి తీసుకుంటూ వేగంగా పరిగెత్తే విడతలు) చేయాలి అని. నిజానికి ఎత్తు వల్ల కలిగే లాభంలో ఎక్కువ భాగం పరిగెత్తని గంటల్లోనే సమకూరుతుంది. పీల్చే గాలిలో ఆక్సిజన్ పీడనం తగ్గినప్పుడు మూత్రపిండాలు ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేస్తాయి, దాని ప్రేరణతో ఎముక మజ్జ ఎర్రరక్తకణాలను ఎక్కువగా తయారు చేస్తుంది. ఈ పని సాగాలంటే ఒంట్లో తగినంత ఇనుము, కడుపునిండా తిండి, జబ్బు లేని శరీరం, మూడు నాలుగు వారాల ఓపిక ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా కొండ మీద ఎంత కష్టపడినా అలసట తప్ప మరేమీ మిగలదు.

అందువల్ల ఇక్కడ బయలుదేరక ముందు చేయవలసిన పనులకూ, మొదటి వారానికీ ఎక్కువ చోటు ఇచ్చాను. ఉదాహరణలకు ఊటీని తీసుకున్నాను, ఎందుకంటే తెలుగు రాష్ట్రాల అథ్లెట్లకు పెద్ద ఖర్చు లేకుండా అందుబాటులో ఉన్న సరైన ఎత్తుల్లో అది ఒకటి.

1. ఎవరు వెళ్లాలి, ఎవరు ఆగాలి

కనీసం మూడు నాలుగేళ్లుగా క్రమం తప్పకుండా శిక్షణ పొందుతూ, మైదాన ప్రాంతంలో చేయగలిగిన శిక్షణంతా సక్రమంగా చేస్తున్నవారికే ఈ క్యాంపు వల్ల ప్రయోజనం ఉంటుంది. వారానికి 70 కిలోమీటర్లు పరిగెత్తే జూనియర్ అథ్లెట్‌కు కొండ కంటే మరో 20 కిలోమీటర్లూ, రాత్రి తొమ్మిదింటికి నిద్రా ఎక్కువ మేలు చేస్తాయి.

కింది పరిస్థితుల్లో ఏ ఒక్కటి ఉన్నా ప్రయాణం వాయిదా వేయాలి.

- గత రెండు వారాల్లో జ్వరం, తీవ్రమైన జలుబు, విరేచనాలు వచ్చి ఉండడం
- తగ్గని గాయం, ముఖ్యంగా పిక్కల్లో లేదా మడమ పైనున్న అకిలిస్ స్నాయువులో నొప్పి
- ఒంట్లో ఇనుము నిల్వను తెలిపే ఫెరిటిన్ తక్కువగా ఉండడం (మూడో అంశం చూడండి)
- మహిళా అథ్లెట్లలో నెలసరి కొన్ని నెలలుగా ఆగిపోవడం లేదా బాగా గతి తప్పడం
- ఇటీవల రక్తదానం చేసి ఉండడం

మరొక పరీక్షను మన కోచ్‌లు సాధారణంగా మరచిపోతుంటారు. మన ఏజెన్సీ ప్రాంతాల గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ లక్షణం (ఎర్రరక్తకణాల ఆకారాన్ని మార్చే జన్యువు తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి రావడం) ఎక్కువగా కనిపిస్తుంది, అక్కడి నుంచి మంచి దూరపరుగు అథ్లెట్లూ వస్తున్నారు. ఈ లక్షణం ఉన్నవారు మామూలుగా ఆరోగ్యంగానే ఉన్నా, ఎత్తైన చోట తీవ్రంగా శ్రమించినప్పుడు ప్లీహం దెబ్బతినడం, కండరాలు చితికిపోవడం వంటి ప్రమాదాలు ఉంటాయి. ఒక్కసారి రక్తపరీక్ష చేయిస్తే విషయం తేలిపోతుంది. ఫలితం పాజిటివ్ అయితే డాక్టర్ సలహా లేకుండా క్యాంపుకు తీసుకువెళ్లకూడదు.

2. చోటు ఎంపిక

నివాసానికి అనువైన ఎత్తు 2,000 నుంచి 2,500 మీటర్ల మధ్య ఉంటుంది. 1,800 మీటర్ల కంటే తక్కువైతే రక్తంలో మార్పు తెచ్చేంత ప్రేరణ దొరకదు, 3,000 దాటితే నిద్ర, ఆకలి, కోలుకోవడం మూడూ దెబ్బతింటాయి. కెన్యాలోని ఇటెన్ సుమారు 2,400 మీటర్లు, అమెరికాలోని ఫ్లాగ్‌స్టాఫ్ సుమారు 2,100 మీటర్లు, మన ఊటీ సుమారు 2,240 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. లేహ్ 3,500 మీటర్లు కాబట్టి అది పర్యాటకులకే గానీ దూరపరుగు క్యాంపుకు తగదు.

అరకు, లంబసింగి, తిరుమల కొండల గురించి అడిగేవారు చాలామంది ఉన్నారు. అవి సుమారు 1,000 మీటర్లు, లేదా అంతకంటే తక్కువ. చల్లని గాలిలో లాంగ్ రన్ చేయడానికి అవి చక్కని చోట్లే, కానీ ఎర్రరక్తకణాలు పెరగడానికి ఆ ఎత్తు చాలదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో 2,000 మీటర్లు దాటిన శిఖరమే లేదు.

ఊటీకి ఉన్న అసలు సౌలభ్యం కొండ దిగువన ఉంది. ఘాట్ రోడ్డులో సుమారు 50 కిలోమీటర్లు దిగితే 300 మీటర్ల పైచిలుకు ఎత్తులో మెట్టుపాళయం వస్తుంది, మరికొంత దూరం వెళితే కోయంబత్తూరు వస్తుంది. పైన నివసిస్తూ కఠినమైన వేగపు శిక్షణను కింద చేసే పద్ధతికి ఇది వీలు కల్పిస్తుంది. 1997లో లెవైన్, స్ట్రే-గండర్‌సన్ అనే పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో 2,500 మీటర్ల ఎత్తులో నివసించి 1,250 మీటర్ల దగ్గర శిక్షణ పొందిన అథ్లెట్లే 5,000 మీటర్ల పరుగులో మెరుగుపడ్డారు, ఆ మెరుగుదల సగటున 13 సెకన్లకు పైగా ఉంది. అయితే ఘాట్ రోడ్డు ప్రయాణం కూడా అలసటే కాబట్టి వారానికి ఒక్కసారికి మించి దిగమని నేను చెప్పను.

బస ఖరారు చేసే ముందు చూడవలసినవి:

- గేటు బయట కనీసం మూడు నాలుగు కిలోమీటర్ల చదునైన దారి. ఊటీలో ఇది అన్నిచోట్లా దొరకదు, రోజూ ఏటవాలు దిగుతూ పరిగెత్తితే రెండో వారానికే పిక్కలు పట్టేస్తాయి.
- వేడినీళ్లు, ఆరిన బట్టలు, పొడి గదులు
- గదికి ఇద్దరికి మించకుండా, జబ్బుపడినవారికి విడిగా ఒక గది
- వండించుకునే వీలు
- వాతావరణం: జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకు పడిపోతుంది, జూన్ నుంచి సెప్టెంబరు దాకా, మళ్లీ అక్టోబరు, నవంబరుల్లో వానలు. ఏప్రిల్, మే నెలల్లో పర్యాటకుల రద్దీ ఎక్కువ, నీలగిరి జిల్లాలోకి వచ్చే వాహనాలకు 2024 నుంచి ఈ-పాస్ పద్ధతి కూడా పెట్టారు.

నీలగిరి దారుల్లో తెల్లవారుజామున అడవిదున్నలు రోడ్ల మీదికి వస్తాయి. వెలుతురు వచ్చాకే, గుంపుగానే పరుగు మొదలుపెట్టాలి.

3. ఆరు వారాల ముందు: ఇనుము లెక్క

క్యాంపు విజయం అన్నిటికంటే ఎక్కువగా ఈ అంశం మీదే ఆధారపడి ఉంటుంది. కొత్త ఎర్రరక్తకణాలకు ముడిసరుకు ఇనుము, ఒంట్లో దాని నిల్వను తెలిపే పరీక్ష ఫెరిటిన్. హిమోగ్లోబిన్ మామూలుగా ఉన్నంత మాత్రాన ఇనుము నిల్వలు బాగున్నట్టు కాదు. నిల్వలు ఖాళీ అయిన చాలాకాలానికి గానీ హిమోగ్లోబిన్ తగ్గడం మొదలుకాదు.

పరీక్షను ఆరోగ్యంగా ఉన్నప్పుడు, ముందురోజు తేలికపాటి పరుగు మాత్రమే చేసి, ఉదయం పరగడుపున చేయించాలి. ఒంట్లో ఇన్ఫెక్షన్ గానీ వాపు గానీ ఉంటే ఫెరిటిన్ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి ఒంట్లో వాపును తెలిపే సీఆర్‌పీ రక్తపరీక్షను కూడా కలిపి చేయించడం మంచిది.

ఫలితాన్ని ఇలా అర్థం చేసుకోవచ్చు, మోతాదు మాత్రం డాక్టరే నిర్ణయించాలి.

- మి.లీ.కి 30 నానోగ్రాముల కంటే తక్కువ: క్యాంపు వాయిదా. ముందు చికిత్స, తర్వాతే కొండ.
- 30 నుంచి 100 మధ్య: బయలుదేరడానికి మూడు నాలుగు వారాల ముందే ఐరన్ మాత్రలు మొదలుపెట్టి క్యాంపు అంతా కొనసాగించడం మామూలు పద్ధతి.
- 100 కంటే ఎక్కువ: అందరికీ మాత్రలు అవసరం ఉండవు. వంశపారంపర్యంగా ఇనుము పేరుకుపోయే లక్షణం ఉన్నవారికి అవి హాని కూడా చేస్తాయి.

మాత్ర వేసుకునే వేళ కూడా ముఖ్యమే. గట్టిగా పరిగెత్తిన మూడు నుంచి ఆరు గంటల తర్వాత హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి పేగుల్లో ఇనుము ఒంటపట్టకుండా అడ్డుపడుతుంది. అందుకని ఉదయం పరుగుకు ముందు గానీ, పరుగు ముగిసిన అరగంటలోపు గానీ మాత్ర వేసుకోవాలి. తోడుగా నిమ్మరసమో, జామకాయో, ఉసిరికాయో తీసుకుంటే ఇనుము బాగా ఒంటపడుతుంది. పాలు, కాఫీ, టీ దానికి శత్రువులు. నీలగిరిలో ఉండి టీ మానమనడం భావ్యం కాదు గానీ, మాత్రకు ముందు ఒక గంట, తర్వాత రెండు గంటలు ఆగితే చాలు.

తిండి విషయంలో ఒక అపోహ బాగా పాతుకుపోయింది. బీట్‌రూట్, ఖర్జూరం తింటే సరిపోతుందనుకుంటారు. మొక్కల నుంచి వచ్చే ఇనుములో ఒంటపట్టేది కొద్ది భాగమే. మాంసాహారులు వారానికి ఒకటి రెండుసార్లు మేక మాంసమో, కార్జమో తినడం మేలు. శాకాహారులు పప్పు, ఆకుకూరల పక్కన ప్రతి పూటా నిమ్మకాయ పిండుకోవాలి, పరీక్ష విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి.

4. డోపింగ్ నిబంధనలు: బయలుదేరక ముందే పూర్తి చేయవలసినవి

ఎత్తులో నివసించడం, ఆక్సిజన్ తగ్గించిన టెంట్లలో నిద్రపోవడం వాడా (ప్రపంచ యాంటీ డోపింగ్ సంస్థ) నిబంధనల ప్రకారం అనుమతించినవే. కానీ చుట్టుపక్కల అజాగ్రత్త వల్ల చిక్కుల్లో పడే అవకాశాలు చాలా ఉన్నాయి.

- ఎసిటజోలమైడ్, అంటే లేహ్ వెళ్లే పర్యాటకులు కొండజబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర, మూత్రకారక మందుల కింద నిషేధిత జాబితాలో ఉంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న ఒక్క మాత్ర అథ్లెట్ జీవితాన్ని తలకిందులు చేయగలదు.
- పన్నెండు గంటల్లో 100 మి.లీ.కి మించిన సెలైన్ గానీ, సిర ద్వారా ఎక్కించే ఐరన్ గానీ, ఆసుపత్రి చికిత్స వంటి మినహాయింపులు లేకుండా తీసుకోకూడదు.
- నాడా (మన దేశ యాంటీ డోపింగ్ సంస్థ) రిజిస్టర్డ్ టెస్టింగ్ పూల్‌లో, అంటే డోపింగ్ పరీక్షలకు ఎంపిక చేసిన అథ్లెట్ల జాబితాలో ఉన్నవారు ఊటీ చిరునామాను, రోజూ అందుబాటులో ఉండే 60 నిమిషాల సమయాన్ని వేర్‌అబౌట్స్‌లో (ఎక్కడ ఉంటారో సంస్థకు తెలిపే వివరాల్లో) ముందుగానే మార్చాలి. కోయంబత్తూరుకు దిగి రాత్రి అక్కడే ఉండిపోయినా మార్చాలి. పన్నెండు నెలల్లో మూడు తప్పులు జరిగితే అది నిబంధనల ఉల్లంఘనే.
- రక్త నమూనా తీసుకునేటప్పుడు గత రెండు వారాల్లో 1,500 మీటర్ల పైన ఉన్నారా అని అడుగుతారు. ఎక్కిన తేదీ, దిగిన తేదీ రాసిపెట్టుకోవాలి.
- రక్తం పట్టిస్తాయని చెప్పే టానిక్కులు, లేహ్యాలు, పొడులు ఇంట్లోనే వదిలి వెళ్లాలి.

5. మొదటి వారం: ఓర్చుకోవలసిన వారం

ఎక్కిన మొదటి రోజుల్లో చాలామందికి ఒళ్లు తేలిగ్గా అనిపిస్తుంది. చల్లని గాలి, కొత్త చోటు, బయలుదేరే ముందు తీసుకున్న విశ్రాంతి కలిసి ఆ భ్రమ కల్పిస్తాయి. రెండో రోజే టెంపో రన్ (రేసు కంటే కాస్త తక్కువైన గట్టి వేగంతో నిలకడగా పరిగెత్తడం) చేసి, నాలుగో రోజు నుంచి కుదేలైపోయేవారు ఈ భ్రమకు లోనైనవారే.

లోపల జరిగేది వేరు. ఊపిరి వేగం పెరుగుతుంది, నాడి పెరుగుతుంది, నిద్ర కలత చెందుతుంది, రక్తంలోని ప్లాస్మా తగ్గుతుంది. ప్లాస్మా తగ్గడం వల్ల హిమోగ్లోబిన్ పరీక్షలో అంకె రెండు మూడు రోజుల్లోనే పెరిగినట్టు కనిపిస్తుంది, కానీ అప్పటికి కొత్త కణాలేవీ తయారై ఉండవు. క్యాంపు తొలి రోజుల్లో చేయించిన సీబీసీని (రక్తకణాల లెక్క తెలిపే పరీక్షను) చూసి సంబరపడడం మానుకోవాలి. అసలు కొలత మొత్తం హిమోగ్లోబిన్ ద్రవ్యరాశి, దాన్ని కొలిచే సౌకర్యం మామూలు ల్యాబుల్లో ఉండదు.

వారానికి 160 కిలోమీటర్లు పరిగెత్తే అథ్లెట్ ఉదాహరణతో మొదటి వారం ఇలా ఉంటుంది.

- 1వ రోజు: ప్రయాణం, సాయంత్రం అరగంట నడక మాత్రమే.
- 2, 3 రోజులు: 40 నుంచి 50 నిమిషాల ఈజీ రన్, మాట్లాడుతూ పరిగెత్తగలిగే వేగం.
- 4వ రోజు: ఉదయం 60 నిమిషాలు, సాయంత్రం 25 నిమిషాలు, చివర్లో చదునైన దారిలో 80 మీటర్ల స్ట్రైడ్లు (వేగంగా, ఒళ్లు బిగించకుండా పరిగెత్తే చిన్న విడతలు) ఐదారు.
- 5, 6 రోజులు: ఈజీ రన్ రెండు పూటలా, ఒక పూట తేలికపాటి బలవర్ధక వ్యాయామం.
- 7వ రోజు: 80 నుంచి 90 నిమిషాల లాంగ్ రన్, వేగం గడియారంలో చూడకుండా.

వారం మొత్తం 100 నుంచి 115 కిలోమీటర్లు దాటకూడదు. ఎత్తులో ఇదివరకు పలుమార్లు ఉన్నవారు రెండు రోజులు ముందుకు జరగవచ్చు.

తలనొప్పి, వికారం, తల తిరగడం ఉంటే ఆ రోజు పరుగు లేదు. ఈ ఎత్తులో తీవ్రమైన కొండజబ్బు అరుదే, కానీ విశ్రాంతిలో కూడా ఆయాసం వస్తున్నా, మనిషి తికమకపడుతున్నా తెల్లవారే దాకా ఆగకుండా కిందికి దించి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

6. రెండు, మూడు వారాలు: వేగాలను సరిచేసుకోవడం

శరీరం ఆక్సిజన్ వాడుకోగల గరిష్ఠ సామర్థ్యం ఈ ఎత్తులో గణనీయంగా పడిపోతుంది, శిక్షణ బాగా పొందినవారిలో ఆ పతనం మరింత ఎక్కువ. కిందున్నప్పటి వేగాలనే పైన పట్టుకోవాలని చూస్తే టెంపో రన్ రేసుగా మారుతుంది. మొదటి అంచనాకు కింది సవరణలు పనికొస్తాయి. ఆ తర్వాత నాడి, ఊపిరి, వీలైతే రక్తంలో లాక్టేట్ (శ్రమ తీవ్రతతో పెరిగే పదార్థం) చూసి మార్చుకోవాలి.

- ఈజీ రన్: వేగం చూడకూడదు. నాడి మైదానంలో ఉండే పరిధిలోనే ఉండాలి.
- టెంపో: కింద కిలోమీటరుకు 3 నిమిషాల 10 సెకన్లు అయితే పైన 3:17 నుంచి 3:20. ఒకే విడతగా కాకుండా 8, 10 నిమిషాల ముక్కలుగా చేస్తే అదుపు తప్పదు.
- 1,000 మీటర్ల ఇంటర్వెల్స్: కింద 2:55 అయితే పైన 3:02 నుంచి 3:05. విశ్రాంతి రెండు నిమిషాలైతే మూడుకు పెంచాలి.
- 150, 200 మీటర్ల వేగపు పరుగులు: వేగం తగ్గించనక్కర లేదు, గాలి పలుచగా ఉంటుంది కాబట్టి ఇంకా సులువే. మధ్యలో పూర్తిగా కోలుకోనివ్వాలి.

వారానికి రెండు కఠినమైన వర్కవుట్లు, ఒక లాంగ్ రన్ చాలు. రేసు వేగంతో చేయవలసిన వర్కవుట్ ఏదైనా ఉంటే దాన్ని కోయంబత్తూరు ట్రాక్‌కు వాయిదా వేయాలి. ఎత్తులో నివసించేవారు వాస్తవానికి నష్టపోయేది ఇక్కడే: గుండె, ఊపిరితిత్తులు కష్టపడుతున్నా కాళ్లు రేసు వేగాన్ని మరచిపోతాయి.

నాలుగో వారంలో చివరి మూడు రోజులు పరిగెత్తే దూరాన్ని మూడో వంతు తగ్గించి, అలసటతో కాకుండా తాజాగా దిగాలి.

7. తిండి, నీళ్లు, నిద్ర

ఎత్తులో ఆకలి తగ్గుతుంది, ఖర్చు మాత్రం పెరుగుతుంది. పరుగు ముగిసిన అరగంటలోపు ఏదో ఒకటి తినడం, రాత్రి పడుకునే ముందు పాలో పెరుగన్నమో తీసుకోవడం తప్పనిసరి చేయాలి. నాలుగు వారాల్లో ఒంటి బరువు ఒక కిలో కంటే ఎక్కువ తగ్గితే అది సన్నబడడం కాదు, ఆకలితో ఉన్న మజ్జ కణాలను తయారు చేయడం తగ్గించిందని అనుమానించాలి.

పొడిగాలి వల్ల ఊపిరితో పోయే నీరు ఎక్కువ, చలి వల్ల దాహం తెలియదు. మామూలు కంటే రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా అదనంగా తాగాలి. మధ్యాహ్నం గంటన్నర నిద్ర దినచర్యలో భాగం. ఎండ చల్లగా అనిపించినా అతినీలలోహిత కిరణాల తీవ్రత కింద కంటే ఎక్కువ కాబట్టి టోపీ, సన్‌స్క్రీన్ మరువరాదు.

8. ప్రతి ఉదయం నమోదు చేయవలసినవి

- లేవగానే నాడి
- మూత్రవిసర్జన తర్వాత ఒంటి బరువు
- ఆక్సీమీటర్ రీడింగు, వేళ్లు వెచ్చబడ్డాక, గోళ్లరంగు లేకుండా. చల్లని వేలు తప్పుడు అంకె చూపిస్తుంది.
- నిద్ర, కండరాల నొప్పి, ఉత్సాహం: ఐదుకు మార్కులు
- ముక్కు, గొంతు లక్షణాలు

వీటిలో ఒక్కటి ఒక్కరోజు మారితే పట్టించుకోనక్కర లేదు. నాడి వరుసగా రెండు రోజులు మామూలు కంటే నిమిషానికి ఎనిమిది పది ఎక్కువగా ఉండి, దానితోపాటు నిద్రో బరువో దిగజారితే ఆ రోజు వర్కవుట్‌ను ఈజీ రన్‌గా మార్చాలి. గొంతు నొప్పి మొదలైనవారిని వేరే గదికి మార్చాలి, ఎందుకంటే ఒంట్లో వాపు హెప్సిడిన్‌ను పెంచి ఇనుము దారిని మూసేస్తుంది. ఒక జలుబు వారం శిక్షణను మాత్రమే కాదు, ఆ వారం రక్తలాభాన్ని కూడా మింగేస్తుంది.

9. దిగే రోజు, రేసు రోజు

ఎత్తులో గడిపిన ప్రతి 100 గంటలకు హిమోగ్లోబిన్ ద్రవ్యరాశి సుమారు 1 శాతం పెరుగుతుందన్నది క్రీడా శాస్త్రవేత్తలు వాడే లెక్క. వ్యక్తికీ వ్యక్తికీ ఇందులో చాలా తేడా ఉంటుంది. కనీసం మూడు వారాలు ఉండాలనడానికి కారణం ఇదే. దిగిన తర్వాత మూడు నాలుగు వారాల్లో ఈ లాభం క్రమంగా కరిగిపోతుంది.

చాలామంది కోచ్‌ల అనుభవంలో దిగిన మొదటి రెండు మూడు రోజులు బాగుంటాయి, నాలుగో రోజు నుంచి పది పన్నెండో రోజు దాకా కాళ్లు బరువుగా, వేగం అందనట్టుగా ఉంటుంది, రెండో వారం చివరి నుంచి మూడో వారం దాకా మళ్లీ మంచి స్థితి వస్తుంది. అందరికీ ఇలాగే జరుగుతుందని శాస్త్రం నిర్ధారించలేదు.

మన దేశంలో దీనికి మరో చిక్కు తోడవుతుంది. ఊటీ చలి నుంచి దిగి మే నెలలో చెన్నైలోనో, భువనేశ్వర్‌లోనో పరిగెత్తాలంటే వేడికి అలవాటుపడడానికే పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. అందుకని మన మైదాన ప్రాంతపు రేసులకు 14 నుంచి 18 రోజుల ముందు దిగడమే మంచిదని నా అభిప్రాయం. చలికాలపు మారథాన్‌కు ఈ ఇబ్బంది తక్కువ.

దిగాక మొదటి వారంలో ఊపిరి ఇబ్బంది పెట్టదు కాబట్టి వేగం అదుపు తప్పుతుంది. 200, 300 మీటర్ల పరుగులతో కాళ్ల లయను తిరిగి తెచ్చుకోవాలి గానీ, పెద్ద ఇంటర్వెల్స్‌కు ఎనిమిదో రోజు దాకా ఆగాలి.

10. తరచుగా జరిగే తప్పులు, సవరణలు

మొదటి క్యాంపును ముఖ్యమైన రేసుకు ముందు పెట్టుకోవడం. సీజన్ ఆరంభంలో ఒక ప్రయోగాత్మక క్యాంపు చేసి, దిగాక ఏ రోజుల్లో ఎలా పరిగెత్తగలిగారో రాసిపెట్టుకుంటే రెండోసారి తేదీలు సొంత శరీరమే చెబుతుంది.

ఊపిరి అడ్డుకునే మాస్కులు కొనడం. అవి గాలి ప్రవాహాన్ని తగ్గిస్తాయి, అంతే. గంటసేపు మాస్కుతో పరిగెత్తితే ఎర్రరక్తకణాలు పెరగవు. టెంటు అయితే వేరు, కానీ దానిలో కూడా రోజుకు పన్నెండు గంటలకు తగ్గకుండా వారాల తరబడి ఉండాలి.

పది రోజుల క్యాంపు. సెలవు దొరికింది కదా అని వెళ్లేవారికి మొదటి వారం సర్దుబాటులోనే గడిచిపోతుంది. అంతే సమయం ఉంటే కిందనే మంచి శిక్షణ చేసుకోవాలి.

గుంపులో వేగవంతుడి వెంట పరిగెత్తడం. ఎత్తు ఒక్కొక్కరిని ఒక్కోలా దెబ్బతీస్తుంది, కింద సమానంగా ఉన్న ఇద్దరి మధ్య పైన కిలోమీటరుకు ఐదారు సెకన్ల తేడా రావచ్చు. కోచ్ ఎవరి వేగం వారికి విడిగా రాసివ్వాలి, ఈజీ రన్‌లో ఎవరూ ముందుకు లాగకుండా చూడాలి.

క్యాంపు ముగిశాక ఫెరిటిన్ చూడకపోవడం. కొత్త కణాల తయారీలో నిల్వలు ఖర్చవుతాయి కాబట్టి దిగిన రెండు వారాలకు మళ్లీ పరీక్ష చేయించి, తగ్గితే డాక్టర్ సలహాతో మాత్రలు కొనసాగించాలి. తర్వాతి క్యాంపు తేదీని ఆ ఫలితం వచ్చాకే నిర్ణయించాలి.